649 రూపాయలకు విత్తనాలు నానబెట్టుకోవడం

డబ్బా మీద పగిలిన నేల బొమ్మ వేసి, ఆ పగుళ్ల మధ్యలోంచి నవనవలాడే మొక్క లేచినట్టు చూపించారు. మా నాయన చూస్తే, ఆ నేలలో గొర్రు ఎట్లా దిగింది అని అడిగేవాడు. పక్కనే ఎర్ర అక్షరాలతో 'కరువును తట్టుకునే మొలక' అని, కింద చిన్న అక్షరాలతో 'ఇజ్రాయెల్ టెక్నాలజీ' అని రాసుంది. సీడ్ ప్రైమింగ్ కిట్, అంటే విత్తేముందు గింజల్ని నానబెట్టి ఆరబెట్టుకునే సరంజామా అన్నమాట. ధర 649 రూపాయలు. అడిగినా తగ్గించలేదు.

డబ్బా పేరు, దుకాణం పేరు రాయను. ఇలాంటివి మార్కెట్లో ఇంకొన్ని ఉన్నాయి, మూత తీస్తే లోపల సరుకు ఇంచుమించు ఒకటే. కాబట్టి ఏ పేరుతో కొన్నా ఈ రాత పనికొస్తుంది.

మేముండేది చందాపుర దగ్గర. రెండో అంతస్తు మాది, పైన మిద్దె కూడా మాకే ఇచ్చారు. నలభై దాకా కుండీలు, పది గ్రో బ్యాగులు ఉన్నాయి. నీళ్లు మాత్రం బోరు దయ, అది కాకపోతే ట్యాంకరు దయ. 2024 మార్చిలో తాగేనీళ్లతో తోటలు తడపొద్దు, కార్లు కడగొద్దు, కాదంటే 5000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ఆదేశమిచ్చిన సంగతి ఇక్కడున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఎండాకాలం బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి మిద్దెకు మోశాను. పెద్ద మొక్కలు ఎలాగో బతికాయి. విత్తిన టమాటా, మిరప మాత్రం సగం మొలవనే లేదు. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) పైన తడిగా, లోపల పొడిగా ఉండేది. గింజ సగం నాని అక్కడే ఆగిపోయేది. అప్పటినుంచీ ఈ ప్రైమింగ్ మాట చెవిన పడుతూనే ఉంది. ఈ ఫిబ్రవరిలో బొమ్మసంద్రలో ఎల్లో లైన్ ఎక్కి, ఆర్.వి.రోడ్డులో మారి, సిటీ మార్కెట్లో దిగి, వెనక వీధిలోని విత్తనాల దుకాణంలో కొనేశాను. మెట్రో లేకుంటే అంత దూరం వెళ్లేదాన్ని కాదేమో.

డబ్బాలో ఉన్నవి ఇవీ: 10 గ్రాముల పొటాషియం నైట్రేట్, 50 గ్రాముల పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పాకెట్లు రెండు, 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లను అడ్డుకునే బూజు) పొడి, దారం లాగితే మూతి బిగిసే గుడ్డ సంచులు నాలుగు, ఒక ప్లాస్టిక్ కొలత గ్లాసు, ఒక చెంచా, మడతపెట్టిన కాగితం. ఆ కాగితం గురించే ఎక్కువ చెప్పాలి.

అంతకన్నా ముందు, అసలు ఇదేమిటో తెలియనివాళ్ల కోసం. విత్తనం నీళ్లు తాగే తీరులో మూడు దశలుంటాయి. మొదట స్పాంజిలా గబగబా పీల్చేస్తుంది. చచ్చిన గింజ కూడా ఇంతవరకూ పీలుస్తుంది, అందుకే ఉబ్బిన గింజ చూసి మోసపోకూడదు. తర్వాత నీళ్లు తాగడం దాదాపు ఆగిపోతుంది. బయటికి ఏమీ కనపడదు గానీ అసలు పనంతా అప్పుడే. నిల్వలో దెబ్బతిన్న భాగాలను గింజ బాగుచేసుకుంటుంది, దాచిన ఆహారాన్ని కరిగించే ఎంజైములను సిద్ధం చేసుకుంటుంది. మూడో దశలో వేరు మొన బయటికొచ్చి మళ్లీ నీళ్లు లాగడం మొదలవుతుంది. ప్రైమింగ్ అంటే గింజను రెండో దశ దాకా తీసుకెళ్లి, వేరు బయటపడకముందే ఆపి, నీడలో ఆరబెట్టేయడం. ఆ గింజను తర్వాత మట్టిలో వేస్తే, చేసిన పని మళ్లీ చేసుకోనక్కర్లేదు కాబట్టి ఉన్న కాస్త తడిలోనే తొందరగా బయటపడుతుంది. వరికి మండె కట్టడం ఇలాంటిదే అనుకుంటారు గానీ, కాదు. మండె కట్టిన వడ్లు మొలక కనపడ్డాక తడితడిగానే దమ్ములో చల్లుతాం. ఇక్కడ మొలక కనపడిందంటే పని చెడిందన్నమాట. వేరు బయటికొచ్చాక ఆరబెడితే చచ్చిపోతుంది.

'ఇజ్రాయెల్ టెక్నాలజీ' అన్నది మాత్రం నాకు నవ్వు తెప్పించింది. పీఈజీ ద్రావణంలో గింజలు నానబెట్టి మొలకను వేగిరపరచవచ్చని 1973లో పేరు తెచ్చింది ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయపు హైడెకర్ బృందం. రైతులు ఉత్త నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పైతడి ఆరాక పొద్దున్నే విత్తుకునే పద్ధతి మీద 1990లలో హారిస్ అనే శాస్త్రవేత్త బృందం పనిచేసింది మన దేశంలోని మెట్ట ప్రాంతాల్లోనే. మొక్కజొన్న, వరి, శనగ పంటల మీద, రైతులను కలుపుకుని చేశారు. డబ్బాకు విదేశీ పేరు పెడితే ధర పెరుగుతుందేమో.

ఇక పీఈజీ. నేను జిగణిలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తాను. పీఈజీ 6000 మాకు రోజూ కనపడే సరుకే, మాత్రల తయారీలో వాడతారు. తెల్లటి మైనపు రేకుల్లా ఉంటుంది. దీని అణువు ఎంత పెద్దదంటే గింజ లోపలికి దూరలేదు. బయటే ఉండి నీటిని పట్టుకుంటుంది. అంటే గింజ చుట్టూ నీళ్లున్నా, గింజ వాటిని కష్టపడి లాక్కోవాలి. ప్రయోగశాలల్లో మట్టి లేకుండానే బెట్ట పరిస్థితి కల్పించడానికి దీన్నే వాడతారు. ఎంత పీఈజీ కలిపితే ఎంత బిగువు (నీటిని వదలకుండా పట్టుకునే బలం) వస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని మిషెల్, కాఫ్‌మన్ అనే ఇద్దరు అదే 1973లో ఇచ్చారు.

కాగితంలో ఏముందంటే: ఒక పాకెట్, అంటే 50 గ్రాములు, లీటరు నీళ్లలో కలిపి, టమాటా గింజల్ని 4 రోజులు ఉంచమంది. చదవగానే చెయ్యి కాలిక్యులేటర్ మీదికి పోయింది. ఉద్యోగపు జబ్బు. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 50 గ్రాములంటే వచ్చే బిగువు అర బార్ (ఆ బిగువును కొలిచేది బార్లలోనే). బాగా తడిసి, మిగులు నీరు ఇంకిపోయిన నేలలోనే మూడో వంతు బార్ ఉంటుందని లెక్క. మొక్క వాడి ఇక తేరుకోలేని స్థితికి పుస్తకాల్లో 15 బార్లు రాస్తారు. అంటే కాగితం చెప్పినట్టు కలిపితే వచ్చేది కరువు కాదు, నిన్న వాన పడిన చేను. అందులో టమాటా గింజ నాలుగు రోజులుంటే ఊరుకుంటుందా?

ఊరుకోలేదు. అయినా చెప్పినట్టే చేసి చూద్దామని మొదటి పాకెట్ అలాగే వాడాను. నాలుగో రోజు పొద్దున సంచి విప్పితే సగం పైగా గింజలకు తెల్లటి మొనలు. ఆరబెట్టాను, నల్లబడి తాలు గింజల్లా అయ్యాయి. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ అమ్మే అర్కా వికాస్ టమాటా గింజలు, పాకెట్ తెరిచి ఎంతో కాలం కాలేదు. పోయినవి పోయాయి.

రెండో పాకెట్‌ను పావు లీటరులో కలిపాను. లీటరుకు 200 గ్రాముల లెక్కన దాదాపు 5 బార్లు వస్తుంది. ద్రావణం పల్చటి జిగురులా అయింది. ఇక్కడ ఇంకో చిక్కు. ఇంత చిక్కగా ఉన్న దానిలో గాలి కరగడం తక్కువ, గింజకేమో ఊపిరి కావాలి. ల్యాబుల్లో గాలి బుడగలు పంపుతారు. కింది ఇంటి పిల్లాడి చేపల తొట్టి పంపు నాలుగు రోజులకు అప్పు తెచ్చుకున్నాను. చేపలేం చేశాయని అడక్కండి, వాటికి వేరే పంపు ఉందట. ఈసారి ఒక్క గింజ కూడా మొన చూపలేదు. తీసి, జిగురు పోయేదాకా నాలుగైదు సార్లు కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టాను. ఆ కడగడానికి పోసిన నీళ్లతో రెండు కుండీలు తడిసేవి. నీటి కరువుకు మందు కొని, ఆ మందు కడగడానికి నీళ్లు పోయడమెందుకని అప్పుడే అనిపించింది.

వీటితోపాటు మామూలు నీళ్లలో ఒక సంచి, ఒక శాతం పొటాషియం నైట్రేట్‌లో ఒక సంచి, రెండూ 24 గంటలు. తర్వాత ఆరబెట్టడం అంతా ఒకే తీరు. పొటాషియం నైట్రేట్ అంటే భయపడొద్దు, రైతులు 13-0-45 అని పిలిచే ఎరువే. ఎరువుల కొట్లో కిలో లెక్కన దొరికేదాన్ని ఇక్కడ 10 గ్రాములు తళతళలాడే పాకెట్లో పెట్టారు.

98 గుంతల ప్రో ట్రేలు (నారు పెంచే ట్రేలు) రెండు తీసుకుని, సగం ట్రేకు ఒక రకం చొప్పున, 49 గింజలు వేశాను. మార్చి ఎండ. మూడు రోజులకోసారి, అదీ పైపైన చిలకరించడమే తప్ప నీళ్లు పోయలేదు. ఏమీ చేయని గింజల్లో మొదటిది ఎనిమిదో రోజున తలెత్తింది, పద్నాలుగో రోజుకు 29 మొలిచాయి. ఉత్త నీళ్లలో నానినవి అయిదో రోజునుంచే మొదలై 40 అయ్యాయి. పొటాషియం నైట్రేట్‌వి 41, పీఈజీవి 38. మూడో ట్రేకు మాత్రం రోజూ నీళ్లు పోశాను. అందులో ఒక సగం ఏమీ చేయనివి, ఒక సగం నీళ్లలో నానినవి. అక్కడ 45, 46. నానినవి రెండు మూడు రోజులు ముందు లేచాయి, చివరికి అంతా ఒకటే.

ఇది ఒక్క మిద్దె మీద ఒక్కసారి చేసిన పని. నలభైకీ నలభై ఒకటికీ తేడా ఉందని మా ఆఫీసులో రిపోర్టు రాస్తే మా మేనేజర్ అది నా మొహానే కొడతాడు. కానీ ఇరవై తొమ్మిదికీ నలభైకీ మధ్య ఏదో ఉంది. ఆ ఏదో వచ్చింది నానబెట్టి ఆరబెట్టడం వల్ల, పాకెట్ల వల్ల కాదు. నీళ్లు సరిగ్గా ఉన్నప్పుడు పెద్ద తేడా రాదు, తడి తక్కువైనప్పుడే తెలుస్తుంది. డబ్బా మీద రాసింది ఆ మేరకు అబద్ధం కాదు.

శెనక్కాయల దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. మాది కదిరి దగ్గర పల్లె. మా ఇంట్లో శెనక్కాయ అంటే పంట ఒక్కటే కాదు, పెళ్లిళ్లు, అప్పులు, అన్నీ దాని మీదే. నాయన కదిరి-6 విత్తనాలు రెండు కిలోలు పంపాడు, గ్రో బ్యాగుల్లో వేసుకోమని. కాగితంలో 'పప్పుధాన్యాలు, వేరుశనగ: 12 గంటలు' అని ఒకే గీతలో కొట్టిపడేశారు. కాస్త ఆలోచించి ఉండాల్సింది నేను. శెనక్కాయ గింజ పొర పల్చన, నీళ్లు ఆత్రంగా తాగుతుంది. పన్నెండు గంటల తర్వాత చూస్తే పొరలు ఊడిపోయి, పప్పులు రెండుగా చీలి, నీళ్లు పాలరంగుకు తిరిగి, పులిసిన వాసన. అర కిలో గింజలు. నాయన ఒక్కొక్క కాయా ఒలిచి పంపినవి. మళ్లీ ఇంకో గుప్పెడు తీసి ఆరు గంటల్లోపే తీసేశాను, నీళ్లలో ముంచకుండా తడిగుడ్డలో చుట్టి. అవి బాగానే ఉన్నాయి, మొలిచాయి. పప్పుధాన్యాలన్నిటికీ శెనక్కాయకూ ఒకే గడియారం పెట్టేవాళ్లు ఈ కాగితం రాయకూడదు.

రాగి ఊసే లేదు కాగితంలో. బెంగళూరులో అమ్మే డబ్బాలో రాగి లేకపోవడమేమిటో. ఇక్కడ వానాధారపు రాగికి ఈ పద్ధతి ఎప్పటినుంచో చెబుతున్నారు: కిలో విత్తనానికి లీటరు నీళ్లు, ఆరు గంటలు నానబెట్టడం, వడకట్టి తడిగుడ్డలో బిగించి రెండు రోజులు, తర్వాత నీడలో పొడిగుడ్డ మీద రెండు రోజులు ఆరబెట్టడం. మందు లేదు, పాకెట్ లేదు. పాత బనియను గుడ్డ చాలు. ఒక గ్రో బ్యాగులో అలా చేసిన రాగి, పక్క బ్యాగులో చేయనిది వేశాను. చేసినవి రెండు రోజులు ముందు పైకొచ్చాయి.

ట్రైకోడెర్మా పొడి మీద ఎక్కువ చెప్పను. అది బతికున్న బూజు. గ్రాముకు 2 మిలియన్ల సీఎఫ్‌యూ (పెరగగల బూజు కణాల లెక్క) అని పాకెట్ మీద రాసుంది. కానీ తయారీ తేదీ మీద ఇంకో తేదీ స్టిక్కర్ అంటించి ఉంది. మా వృత్తిలో ఇలాంటిది కనపడితే ఆ లాట్ మొత్తం పక్కన పెట్టేస్తాం. పైగా దుకాణంలో ఈ డబ్బాలు ఎండ పడే అద్దం వెనక పేర్చి ఉన్నాయి. ఇంట్లో ఉడికిన అన్నం ముద్ద మీద చిటికెడు చల్లి మూతపెట్టి చూశాను. అయిదు రోజులకు నల్లటి బూజు వచ్చింది. ట్రైకోడెర్మా ఆకుపచ్చగా వస్తుంది. పచ్చగా వచ్చినా అదేనని కంటితో చెప్పలేం గానీ, నల్లగా వస్తే మాత్రం అది కాదని చెప్పొచ్చు.

ఇంకొకటి, కాగితంలో తప్పకుండా ఉండాల్సి, లేనిది. కంపెనీల హైబ్రిడ్ విత్తనాలు గులాబీ రంగో నీలం రంగో పూసి వస్తాయి, చాలావాటికి తైరం లాంటి శిలీంద్రనాశినులు పట్టించి ఉంటారు. వాటిని నానబెడితే మందంతా నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు తులసికుండీలో పోశారనుకోండి, పిల్లల చేతులకు తగిలిందనుకోండి. అలాంటి గింజల్ని అసలు నానబెట్టొద్దు. కొన్ని కంపెనీలు ముందే ప్రైమింగ్ చేసి అమ్ముతాయి కూడా, వాటిని మళ్లీ ముంచడం దండగ. 'ప్రైమింగ్ చేసిన గింజలు 6 నెలలు నిల్వ ఉంటాయి' అన్నది ఆ కాగితంలోని ఇంకో వాక్యం. సగం లేపి పడుకోబెట్టిన గింజ మామూలు గింజకన్నా తొందరగా పాడవుతుంది. వారం పది రోజుల్లో విత్తుకోగలిగినన్ని మాత్రమే చేసుకోండి.

శెనక్కాయల సంగతి నాయనకు ఫోన్లో చెప్పాను, అర కిలో పోయిన ముక్క మింగేసి. ఆరు గంటలు తడిగుడ్డలో పెట్టి ఆరబెడితే బెట్టలో కూడా లేస్తాయి నాయనా, ఈ జూన్‌లో ఒక ఎకరాకు చేసి చూద్దామా అన్నాను.

"ఎకరాకు యాభై కిలోల గింజలు పాపా. యాడ ఆరబెట్టాల, మీ మిద్దె మీదనా?"

"పెద్దింట్లో, నీడలో."

"సరే, ఆరబెడ్తి. వాన రాకపోతే? నానేసిన ఇత్తనం చేతిలో పెట్టుకోని మబ్బుల పక్క చూస్తా కూచుంటామా?"

నా దగ్గర జవాబు లేదు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. రాత్రి వాన పడితే పొద్దున పదునులో గొర్రు కట్టాలి. వాన పడ్డాక నానబెడితే అవి ఆరేలోపు పదును పోతుంది. ముందే నానబెట్టి ఉంచితే, పదిహేను రోజులు చినుకు రాకపోతే విత్తనం పోతుంది. శెనక్కాయ విత్తనం పోవడమంటే ఆ ఏడాది అప్పు పోగుపడటమే. ఇంకో మాట కూడా నాయనే అన్నాడు: తొందరగా లేచిన మొలక, తర్వాత వాన లేకపోతే తొందరగానే ఎండుతుంది, లేవని గింజ ఇంకో వానదాకా మట్టిలో దాక్కుంటుంది. ఈ డబ్బా చేసినవాళ్లెవరూ మెట్ట చేనులో నిలబడి ఆ మాట విని ఉండరు. నీటి తీరు మన చేతిలో ఉన్న మిద్దెకు, నర్సరీ ట్రేకు ఇది పనికొస్తుంది. బోరు ఉన్న రైతుకూ పనికొస్తుంది. ఉత్త వానాధారపు చేనుకు పగిలిన నేల బొమ్మ వేసి అమ్మడం మాత్రం నాకు నచ్చలేదు.

కొనాలా వద్దా అంటే, వద్దు. గుడ్డ సంచులు బాగున్నాయి, నేత దగ్గరగా ఉండి సన్న రాగి కూడా జారదు, ఉతికినా చెక్కుచెదరలేదు. అవి విడిగా అమ్మితే నాలుగూ 100 రూపాయలు పెట్టి కొంటాను. గ్లాసు మీద కొలత గీతలు కూడా సరిగ్గానే ఉన్నాయి, తూకం వేసి చూశాను. ఆ రెండూ తప్ప, కావాల్సినవన్నీ వంటింట్లో ఉన్నవే, నీళ్లూ గడియారమూ.

పోయిన శనివారం ఖాళీ పాకెట్లు, లెక్క కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లాను. యజమాని చింతామణి వైపాయన, సగం తెలుగు సగం కన్నడంలో మాట్లాడతాడు. ఓపిగ్గా విన్నాడు, అది ఒప్పుకోవాలి.

"అక్కా, మేము అమ్మేవాళ్లమే, కలిపేవాళ్లం కాదు. కంపెనీకి ఫోన్ చేసి చెప్తాను."

డబ్బులు వెనక్కివ్వలేదు. ట్రైకోడెర్మా మాత్రం ఫ్రిజ్‌లోంచి వేరే కంపెనీది తీసిచ్చాడు, తేదీ మీద స్టిక్కర్ లేనిది. కనీసం శెనక్కాయల గీతైనా కొట్టేయండి, ఎవరో ఒకరు విత్తనం పోగొట్టుకుంటారు అన్నాను. అరలోంచి డబ్బాలు దించి, మూత తీసి, కాగితం విప్పి, బాల్ పెన్నుతో 12ను కొట్టేసి 6 రాయడం మొదలుపెట్టాడు. రెండు డబ్బాలు అయ్యాయి. మూడోది విప్పుతుంటే ఎవరో వచ్చి డ్రిప్ పైపు ధర అడిగారు. పెన్ను చెవి మీద పెట్టుకుని అటు వెళ్లిపోయాడు. కాసేపు చూసి నేనూ మెట్రోకు బయల్దేరాను.